సరిహద్దు దాటు సరకు – మాఱు సుంకపు నిబంధనలు

 

సుంకమను మాట వినినంతనే మనలో పెక్కుమంది అది పట్టణపు షావుకార్ల గొడవ, సేద్యము చేసికొను మనకేల యని పెడచెవిని బెట్టుదురు. ఆ తలంపు నేటి కాలమునకు సరిపడదు. హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పలు, నాచారము, మల్లాపూరు, చర్లపల్లి యను తావులు కలవు. అచ్చట మందులు, యంత్రభాగములు, ప్లాస్టికు సామగ్రి, ఆహారపదార్థములు మున్నగునవి తయారుచేయు కర్మాగారములు వరుసలుగా నున్నవి. అందు పనిచేయు కుఱ్ఱవాండ్రలో ఘటకేసరు, భువనగిరి, జనగామ త్రోవల నుండి వచ్చిన పల్లెబిడ్డలు పెక్కురు. చిన్న కర్మాగారములను స్వయముగా నెలకొల్పుకొన్నవారిలోను కొందఱు పల్లెలోని భూమిని బ్యాంకునకు కుదువపెట్టి మూలధనము తెచ్చుకొన్నవారు. ఆ కాగితముల మీద తండ్రియో, పెదతండ్రియో, మేనమామయో హామీదారుగా సంతకము చేసియుండును. ఎక్కడనో బొంబాయి చెంతనున్న నవాశేవ రేవులో ఒక్క సరకుపెట్టె ఇరువది దినములు నిలిచిపోయినచో, ఇక్కడ జీతములు నిలుచును, బ్యాంకు వాయిదా తప్పును, తుదకు నోటీసు మీ యింటి గడపకే వచ్చును. కావున మాఱుచుండు సుంకపు నిబంధనలకు వ్యాపారస్థుడు ముందుగా నెట్లు సిద్ధపడవలయునో మీకు విన్నవింప దలచితిని.

సుంకము క్రొత్తగా పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని గూర్చి ప్రత్యేకముగా ప్రకరణములు కలవు. నగరద్వారము చెంత శుల్కశాలను కట్టి ధ్వజము నెత్తవలెననియు, వచ్చిన వర్తకుడెవడో, ఎచ్చటినుండి వచ్చినాడో, ఎంత సరకు తెచ్చినాడో, దానిపై ముద్ర ఎక్కడ వేయబడినదో అడిగి వ్రాసికొనవలెననియు అందు చెప్పబడినది. ముద్ర లేని సరకునకు రెట్టింపు సుంకము. దొంగముద్ర వేసినచో ఎనిమిది రెట్లు. నేటి కస్టమ్సు పత్రములయందు అడుగు ప్రశ్నలును ఇంచుమించుగా ఇవియే.

మన తెలుగునాట మఱియొక నిదర్శనము కలదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల ఓడరేవు. అచ్చట గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. గాలివానకు దారితప్పి తీరమున బడిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించెడివారనియు, తాను అట్లు చేయక నియమిత శుల్కము మాత్రమే గ్రహింతుననియు ఆయన సముద్ర వర్తకులకు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు సుంకమని నిర్ణయించి, శ్రీగంధము, కర్పూరము, ముత్యములు, పట్టు, మిరియములు మున్నగువానిపై తీసికొనవలసిన దానిని వేఱుగా చెక్కించెను. రాజు తీసికొనునది ఎంతయో ముందుగా తెలిసినచో వర్తకుడు ధైర్యముతో ఓడ నడుపును; తెలియనిచో ఒడ్డునకు రాడు. వర్తకునకు పన్ను ఎంత భారమో, పన్ను ఎంతయో తెలియకుండుట అంతకంటె పెద్ద భారము.

ఇక మన హైదరాబాదు సంగతి. 1802వ సంవత్సరమున నిజాము ప్రభుత్వమునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన వాణిజ్యసంధిలో, ఒకరి దేశమునుండి మఱియొకరి దేశమునకు పోవు సరకులపై నూటికి 5 వంతున సుంకమని యేర్పాటు జరిగినది. మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కును నిజామునకు దక్కినది. సుంకము వసూలుచేయు శాఖను కరోడ్‌గిరి యనుచుండిరి. ఆ మాటను మీలో వృద్ధులైనవారు తమ తండ్రులనోట వినియుందురు. బెజవాడనుండి వచ్చు సరకు గూడ సరిహద్దు నాకాలో ఆగి సుంకము చెల్లించియే లోనికి రావలసియుండెను. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశములో కలిసినది. 1950 జనవరి 26వ తేదిన రాజ్యాంగము అమలునకు వచ్చినది. ఆ పిదప ఈ లోపలి సుంకములు క్రమక్రమముగా తొలగిపోయినవి.

సరిహద్దు తొలగుటయే కాదు, క్రొత్తగా పుట్టుటయు మనము చూచితిమి. 2014 జూన్ 2వ తేదిన తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. అంతకు ముందు దినము వఱకు నాచారమునుండి విజయవాడకు పోవు సరకు రాష్ట్రములోపలి అమ్మకము. ఆ దినమునుండి అది రాష్ట్రాంతర విక్రయమై కేంద్ర అమ్మకపు పన్ను చట్టము క్రిందికి వచ్చినది. సరకదే, లారీ యదే, దారి యదే. కాగితము మాత్రము వేఱైనది. ‘సి’ ఫారమనునది యొకటి కొనుగోలుదారునివద్ద నుండి తెచ్చుకొనవలసి వచ్చినది. మఱల 2017 జూలై 1వ తేదిన వస్తుసేవల పన్ను, అనగా జీఎస్టీ, వచ్చి అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రములు ఎత్తివేయబడినవి. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రాంతర రవాణాకు ఈ-వే బిల్లు వచ్చినది. నాలుగు సంవత్సరములు నిండకమునుపే ఒకే దారిలో పోవు ఒకే సరకునకు ఇన్ని మార్పులు కలిగినవి. ఇది మనకు మాత్రమే తటస్థించినది కాదు. బ్రిటను దేశము ఐరోపా సమాఖ్యనుండి విడిపోవుటచే, 2021 జనవరి 1 నుండి ఇంగ్లండునుండి ఫ్రాన్సునకు పోవు సరకునకు అనేక దశాబ్దముల పిదప మఱల సుంకపు పత్రములు వ్రాయవలసి వచ్చినది.

దేశపు సరిహద్దు దాటు సరకు విషయమున మార్పులు ఇంకను వడివడిగా జరుగును. వానిని అర్థము చేసికొనుటకు మొదట ఒక భేదమును గుర్తింపవలెను. సరకు పోవచ్చునా, రావచ్చునా యని నిర్ణయించునది వాణిజ్య మంత్రిత్వశాఖ క్రిందనుండు విదేశీవాణిజ్య డైరెక్టరు జనరలు కార్యాలయము. పోయెడి సరకుపైనను వచ్చెడి సరకుపైనను ఎంత సుంకమో నిర్ణయించునది ఆర్థిక మంత్రిత్వశాఖ. ఆహారము, విత్తనము, మొక్క, మందు మున్నగువానికి ఆరోగ్యభద్రతను జూచు శాఖలు వేఱుగా నుండును. వీనిలో ఏ యొక్కటి మాఱినను సరకు నిలుచును. సుంకము కట్టితిని గదా యని యొకడు నిశ్చింతగా నుండగా, అనుమతి లేదని రెండవవాడు ఆపును.

దీనికి బియ్యము మంచి ఉదాహరణము. 2023 జూలై 20వ తేదిన కేంద్రప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించినది. ఆ వార్త వినిన అమెరికాలోని మన తెలుగువారు సోనామసూరి సంచులకై అంగళ్ల ముందు బారులు తీరిన సంగతి పత్రికలలో చదివియుందురు. తరువాత ఆగస్టు 25వ తేదిన ఉప్పుడు బియ్యముపై నూటికి 20 వంతున ఎగుమతి సుంకము పడినది. 2024 సెప్టెంబరు 28వ తేదిన తెల్లబియ్యపు నిషేధము తొలగినది గాని, టన్నునకు 490 డాలర్లకు తక్కువగా అమ్మరాదను నియమము పెట్టిరి. అక్టోబరు 23వ తేదిన అదియు తీసివేసిరి. ఉప్పుడు బియ్యపు సుంకము సెప్టెంబరు 27వ తేదిన 10 వంతులకు దిగి, అక్టోబరు 22వ తేదిన పూర్తిగా పోయినది.

ఈ కథలో వ్యాపారస్థుడు గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. 2023 జూలై నాటి నిషేధపు ప్రకటనలోనే, అంతకు ముందుగా ఓడలోనికి ఎక్కించుట ఆరంభమైన బియ్యమునకును, షిప్పింగు బిల్లు దాఖలై ఓడ రేవునకు చేరి వరుససంఖ్య పొందిన బియ్యమునకును, కస్టమ్సువారికి అప్పగింపబడి వారి లెక్కలో చేరిన బియ్యమునకును మినహాయింపు నొసగిరి. గోదాములో సంచులు కుట్టి సిద్ధముగా నుంచినవానికి, బేరము కుదుర్చుకొని బయానా తీసికొన్నవానికి ఆ మినహాయింపు లేదు. కావున నిబంధన మాఱునప్పుడు రక్షించునది సరకు సిద్ధముగా నుండుటకాదు. దాని పత్రము ఏ మెట్టు వఱకు ఎక్కినదనునదే రక్షించును.

మఱియొక ఉదాహరణము మీ యిండ్లకు మఱింత చేరువైనది. అమెరికాలోని బిడ్డలకు పచ్చళ్లు, పొడులు, పిండివంటలు పంపు వాడుక మన పల్లెలలో ఇంటింటికిని కలదు. వానిని తయారుచేసి పంపుటనే వృత్తిగా గైకొన్న చిన్న వ్యాపారులును నగరమున పలువురు కలరు. 800 డాలర్లకు లోబడిన పొట్లములు ఆ దేశమున సుంకము లేకుండ ప్రవేశించుచుండెను. ఆ సదుపాయమును అమెరికా ప్రభుత్వము 2025 ఆగస్టు 29వ తేదినుండి అన్ని దేశములకును తొలగించినది. సుంకమును ఎవరు వసూలుచేయవలెనో, ఎట్లు కట్టవలెనో తేలనందున మన తపాలాశాఖవారు ఆగస్టు 25వ తేదినుండి ఉత్తరములు, పత్రములు, 100 డాలర్ల లోపు కానుకలు తప్ప తక్కిన పొట్లములను తీసికొనుట మానిరి. అక్టోబరు 15వ తేదిన మఱల ఆరంభించిరి. నడుమ గడచినది ఏడు వారములు. దసరా ఆ ఏడు వారములలోనే వచ్చినది. ఒక్క తపాలానే నమ్ముకొన్నవారికి పండుగ బేరము పోయినది. రెండవదారిని ముందుగా కనుగొనియుంచుకొన్నవారికి కొంత నిలిచినది.

ఇక దిగుమతి సరకునకు సుంకమెట్లు లెక్కింతురో చెప్పెదను. ఒక కర్మాగారమునకు విదేశమునుండి యంత్రభాగములు వచ్చినవనుకొందము. సరకు వెల, ఓడకూలి, బీమా కలిపి 10,00,000 రూపాయలు. మూలసుంకము నూటికి 7.5 వంతైనచో 75,000 రూపాయలు. ఆ సుంకముపై నూటికి 10 వంతున సాంఘిక సంక్షేమపు అదనపు సుంకము 7,500. ఈ మూడును కలిపిన 10,82,500 రూపాయల మీద నూటికి 18 వంతున సమగ్ర జీఎస్టీ 1,94,850. మొత్తము చేతినుండి పోవునది 2,77,350 రూపాయలు. మూలసుంకము 10 వంతులకు పెరిగినదనుకొనుడు. అప్పుడు సుంకము 1,00,000. అదనపు సుంకము 10,000. వానిని కలిపిన 11,10,000పై జీఎస్టీ 1,99,800. మొత్తము 3,09,800 రూపాయలు. తేడా 32,450.

ఇందు జీఎస్టీని నమోదైన వ్యాపారస్థుడు తాను తరువాత కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. కావున నిజముగా మీదబడు భారము సుంకములోని తేడాయైన 27,500 రూపాయలే. కాని తగ్గించుకొను వఱకు ఆ పైకము చేతిలో నుండదు. లాభనష్టముల లెక్కయొకటి, చేతిలోని రొక్కపు లెక్క యింకొకటి. చిన్న కర్మాగారములు మూతపడుట తఱచుగా రెండవదాని వలననే. నూటికి 5 వంతుల లాభముతో పని ఒప్పుకొన్నవానికి ఈ తేడా లాభములో సగమునకు పైగా మ్రింగివేయును.

ఏ దినపు రేటు వర్తించును? ఈ ప్రశ్నయే మిక్కిలి ముఖ్యమైనది. బేరము కుదిరిన దినమునాటి రేటు కాదు. పైకము పంపిన దినమునాటిదియు కాదు. 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టము ప్రకారము, దిగుమతి సరకునకు బిల్ ఆఫ్ ఎంట్రీ యను పత్రము దాఖలుచేసిన దినపు రేటు వర్తించును. ఓడ రాకమునుపే ఆ పత్రమును దాఖలుచేసినచో, ఓడకు లోనికి ప్రవేశమిచ్చిన దినపు రేటే గ్రహింతురు. అనగా ముందుగా కాగితము పెట్టినంతమాత్రమున పాత రేటు దక్కదు. ఎగుమతి సరకునకు, అధికారి పరిశీలించి ఓడకెక్కించుటకు అనుమతి యిచ్చిన దినపు రేటు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదిన కేంద్రపు బడ్జెటు చదువబడును; అందలి సుంకపు మార్పులు పెక్కులు మఱునాటినుండియే అమలగును. జనవరిలో చైనాలోనో జర్మనీలోనో ఓడ నెక్కిన సరకు ఫిబ్రవరిలో ఇచ్చటికి చేరును. కావున జనవరి, ఫిబ్రవరి నెలల బేరములు వేయునపుడు రెండు రేట్లతోను లెక్కవేసి చూచుకొనవలెను.

నాయొద్ద చదువుకొన్న యొకడు నాచారమున యంత్రభాగముల కర్మాగారము నడుపుచున్నాడు. ఒకనాడతడు నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ, ఆఱు నెలలకు ఒకే ధరయని సంతకము పెట్టితిని, నడుమ సుంకము పెరిగినది. చట్టమున దారి యున్నదని ఒకరు, లేదని యొకరు చెప్పుచున్నారు. ఈ కాగితమును మీరొకసారి చదువుడు” అని నా ముందు ఒప్పందపు పత్రమును పెట్టెను. నేను న్యాయవాదిని కాను. వాక్యమునకు పదవిభాగము చేసి అన్వయము చెప్పుట మాత్రము చిన్ననాడు గురువులు నేర్పిరి. ఇద్దఱమును కూర్చుండి చదివితిమి. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టమున 64-ఏ యను సెక్షను కలదు. బేరము కుదిరిన పిమ్మట సుంకము పెరిగినచో ఆ పెరుగుదలను కొనువానినుండి రాబట్టవచ్చును, తగ్గినచో కొనువాడు తగ్గించుకొనవచ్చును అని దాని భావము. అయితే ఒప్పందమున అందుకు భిన్నమైన ఉద్దేశము కనబడనప్పుడే అది చెల్లును. అతని పత్రమున, ఇప్పుడున్నవియు ఇకముందు రాబోవునవియు నగు సమస్త పన్నులును ఈ ధరలోనే యిమిడియున్నవని స్పష్టముగా వ్రాసియున్నది. ఆ యొక్క విశేషణము చట్టము చూపిన దారిని మూసివేసినది. ఆ తేడాను అతడే భరించెను. తరువాతి ఒప్పందములందు, సుంకము మాఱినచో ఆ మార్పు కొనువానిదే యను వాక్యమును చేర్పించుచున్నాడు. ఒప్పుకొనని కొనుగోలుదారునకు ఆఱు నెలల ధర ఇయ్యక రెండు నెలల ధరయే యిచ్చుచున్నాడు.

తరువాతిది సరకు సంఖ్య. లోకములోని సమస్త వస్తువులకును సంఖ్యలిచ్చిన పట్టిక యొకటి కలదు. బ్రస్సెల్సు నగరమునందలి ప్రపంచ కస్టమ్సు సంస్థవారు దీనిని నడుపుచున్నారు. 1988లో అమలునకు వచ్చినది. మొదటి ఆఱంకెలు ఆ పట్టిక ననుసరించు దేశములన్నిటికిని సమానము. మన దేశమున మఱి రెండంకెలు చేర్చి ఎనిమిది చేసికొన్నాము. ఎండుమిరపకాయ 0904 21. దానినే దంచి కారము చేసినచో 0904 22. పసుపు 0910 30. రోకటి పోటుతో సంఖ్య మాఱినది. సంఖ్యతోపాటు రేటు, అనుమతులు, పరీక్షలు గూడ మాఱవచ్చును. ఒక వస్తువు రెండు పేర్ల క్రిందికి వచ్చునట్లు కనబడినచో, సామాన్యమైన పేరుకంటె విశేషమైన పేరునే గ్రహింపవలెనని ఆ పట్టికలోని వ్యాఖ్యానసూత్రము. వ్యాకరణము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఉత్సర్గమును అపవాదము బాధించునని మన శాస్త్రకారులు ఏనాడో చెప్పిరి.

ఈ పట్టికను సుమారు ఐదారేండ్ల కొకసారి సవరింతురు. 2022 జనవరి 1న అమలునకు వచ్చిన కూర్పునకు తరువాతిది 2028 జనవరి 1వ తేదికి నిర్ణయింపబడినది. నిన్నటి సంఖ్య నేడును చెల్లునని యనుకొనరాదు. 2011 నుండి మన దేశమున స్వయంనిర్ధారణ పద్ధతి వచ్చినది. సంఖ్యను, వెలను, రేటును తెచ్చినవాడే నిర్ణయించి ప్రకటింపవలెను. తప్పు వ్రాసినచో బాధ్యత అతనిదే. కస్టమ్సు బ్రోకరునకు పని అప్పగింపవచ్చును గాని బాధ్యత నంతయు అప్పగింపరాదు. సందేహమున్నచో సరకు రాకముందే శాస్త్రీయముగా పరిశీలింపజేసి, దాని కూర్పును తెలుపు పత్రమును దగ్గఱ నుంచుకొనుట మేలు.

పిమ్మట జన్మస్థానపు సాక్ష్యము. మన దేశము కొన్ని దేశములతో ఒడంబడికలు చేసికొన్నది. ఎమిరేట్లతోడి ఒడంబడిక 2022 మే 1న, ఆస్ట్రేలియాతోడిది 2022 డిసెంబరు 29న, స్విట్జర్లండు, నార్వే మున్నగు నాలుగు దేశముల కూటమితోడిది 2025 అక్టోబరు 1న అమలునకు వచ్చినవి. ఆ దేశములలో తయారైన సరకునకు సుంకము తక్కువ. కాని ఆ దేశమునుండి ఓడ నెక్కినంతమాత్రమున అది ఆ దేశపు సరకు కానేరదు. అక్కడ ఎంత పని జరిగినదో చూపవలెను. 2020 సెప్టెంబరు 21 నుండి అమలులోనున్న నిబంధనల ప్రకారము, దిగుమతిదారుడు ఆ వివరములను తానే తెలిసికొని, ఐదేండ్ల వఱకు పత్రములు దాచవలెను. సరకు వచ్చిన పిదప అమ్మినవానిని అడుగుటకంటె, పైకమియ్యక మునుపే అడుగుట సులువు. పైకము చేరిన తరువాత ప్రత్యుత్తరములు ఆలస్యమగుట లోకస్వభావము.

ఇప్పుడు కాలనియమములు. ఓడలో వచ్చు సరకునకు, కొన్ని మినహాయింపులు తప్ప, ఓడ చేరు దినమునకు ముందటి దినము ముగియులోపల బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయవలెను. ఆలస్యమైనచో మొదటి మూడు దినములకు దినమునకు 5,000 రూపాయలు, ఆ మీదట దినమునకు 10,000 రూపాయలు. ఇదిగాక రేవులో స్థలపు అద్దె, ఓడ కంపెనీవారి పెట్టెకు అద్దె వేఱు. ఎగుమతి దిగుమతుల సంకేతసంఖ్యను ప్రతి సంవత్సరము ఏప్రిల్, జూన్ నెలల నడుమ సరిచూచి నిర్ధారింపవలెను. లేనిచో అది నిలుపుదల యగును. జీఎస్టీ ముందుగా కట్టకుండ ఎగుమతి చేయుటకు ఇచ్చు హామీపత్రము ఆర్థిక సంవత్సరమునకు మాత్రమే. ఏప్రిల్ రాకమునుపే క్రొత్తది వేయవలెను.

ఉప్పలునుండి నవాశేవకు సుమారు 700 కిలోమీటర్లు. 50,000 రూపాయలకు మించిన సరకునకు ఈ-వే బిల్లు ఉండవలెను. 2021 జనవరి 1 నుండి 200 కిలోమీటర్లకు ఒక దినము వంతున అది చెల్లును. కావున ఆ ప్రయాణమునకు నాలుగు దినములు. దారిలో లారీ చెడిపోయి గడువు మీఱునట్లున్నచో గడువును పొడిగించుకొనవలెను. లారీ నడుపువానికి ఈ సంగతి చెప్పియుంచుట యజమాని ధర్మము. నగరములోనే సనత్‌నగరు కంటెయినరు డిపోలో కస్టమ్సు పని ముగించుకొని రైలుపై రేవునకు పంపు దారియు కలదు. ఒక దారి మూసినచో రెండవదాని వెల యెంతయో ముందే తెలిసియుండవలెను.

ఇన్ని సంగతులను జ్ఞాపకముంచుకొనుట యెట్లని మీరడుగవచ్చును. దానికి ఒక నోటుపుస్తకము చాలును. ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క పుట. పుట తలపై సరకు పేరు, సంఖ్య. దాని క్రింద నేటి రేటు, ఆ రేటును చూచిన తేది. తరువాత కావలసిన అనుమతులు, వాని గడువులు. తరువాత ఒప్పందమున సుంకపు మార్పు ఎవరి భారమని వ్రాసియున్నదో ఆ సంగతి. తుదకు, రేటు పది వంతులు పెరిగినచో, సరకు ఇరువది దినములు నిలిచినచో ఎంత రొక్కము కావలసివచ్చునో ఆ మొత్తము. నెలకొకసారి, మొదటి తేదిన, ప్రభుత్వపు ప్రకటనలతో సరిచూచి తేది వేయవలెను. జీతమునకు గుమాస్తాను పెట్టుకొనలేని చిన్న వ్యాపారస్థుడు గూడ ఈ పని చేసికొనగలడు. ఒకే సరకు వాడు నాలుగైదు కర్మాగారములవారు కలిసి ఒక పుస్తకము నుంచుకొన్నను చాలును.

పెద్దలారా! ఇందు మీ పాత్రయు కలదు. పొలము పట్టాను చేతబట్టుకొని హామీ సంతకము పెట్టుమని మీ బిడ్డయో మేనల్లుడో మీ ముందు నిలుచును. కాదనుమని నేను చెప్పను. ఉత్తచేతులతో వ్యాపారము సాగదు. కాని సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలడుగుడు. నీ సరకు సంఖ్య యేమి, దానిని ఎవరు నిర్ధారించిరి? సుంకము పెరిగినచో ఒప్పందము ప్రకారము భరించువాడెవడు? సరకు నెల దినములు నిలిచినచో జీతములకు పైకము ఎచ్చటినుండి తెత్తువు? కొనువాడు ఒక్కడేనా, ఒకే దేశముననేనా? ఈ నాలుగింటికి తడుముకొనక సమాధానము చెప్పినవానికి ధైర్యముగా సంతకము పెట్టుడు. చెప్పలేనివానిని కోపింపక, పది దినములు గడువిచ్చి తెలిసికొని రమ్మనుడు. పది దినములు ఆలస్యమైన వ్యాపారము చెడదు. తెలియక పెట్టిన సంతకము వలన తాతలనాటి చెలక పోయినచో మఱల రాదు.

నిబంధనలు ఇకముందును మాఱుచునే యుండును. వానిని మాఱకుండ ఆపుట మనవంతు కాదు. మాఱిన సంగతి ఆ దినముననే తెలిసికొనుటయు, మాఱునేమో యని లెక్క వేసియుంచుటయు మన చేతిలోనివి. వచ్చే నెల మొదటి తేదికి మీ పిల్లల చేత ఆ పుస్తకము నారంభింపజేయుడు.